పాల్ మౌజర్ : ఒకే తుపాకీ, వేర్వేరు తూటాలు

లోకంలో ఏ మూలనైనా పాత సైనిక రైఫిలు ఒకటి బయటపడితే, దాని నిర్మాణంలో మౌజర్ చేయి ఏదో ఒక రూపాన కనిపించే అవకాశం మెండు. అయితే ఆ పేరు చదివినంత మాత్రాన దానికి ఏ తూటా సరిపడుతుందో చెప్పడం ఆరితేరిన వారికి సైతం సాధ్యం కాదు. చూపునకు కవల పిల్లల వలె ఉండే రెండు రైఫిళ్ళలో ఒకటి 7 మిల్లీమీటర్ల తూటాకు, మరొకటి 8 మిల్లీమీటర్ల తూటాకు తయారై ఉండవచ్చును. ఆ భేదం తెలియక కాల్చినవాడికి కన్నో, చేయో, ఒక్కొక్కసారి ప్రాణమో నష్టం కావచ్చును. ఈ చిక్కు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే, ఆ తుపాకీకి రూపమిచ్చిన జర్మన్ శిల్పి పీటర్ పాల్ మౌజర్ జీవితాన్ని తెలుసుకోవాలి.

కార్ఖానా నీడలో బాల్యం

పాల్ మౌజర్ 1838 జూన్ 27న జర్మనీలోని వుర్టెంబర్గ్ రాజ్యంలో, నెకార్ నది ఒడ్డున ఉన్న ఓబర్న్‌డార్ఫ్ పట్టణంలో జన్మించాడు. పదముగ్గురు సంతానంలో ఆయనే కడపటివాడు. తండ్రి అక్కడి రాజుగారి ఆయుధ కార్ఖానాలో తుపాకీ పనివాడు. ఆ కార్ఖానా ఒకప్పుడు క్రైస్తవ సన్యాసుల మఠం. 1811లో రాజు దానిని తుపాకుల తయారీకి మార్పించాడు. ప్రార్థనలు వినిపించిన గోడల నడుమ ఆకురాయి చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు వింటూనే పాల్ పెరిగాడు. చిన్ననాటనే తండ్రి వెంట పనిలోకి వెళ్ళి, ఇనుమును అరగదీయడం, కొలవడం, అతికించడం నేర్చాడు.

అన్నలలో విల్‌హెల్మ్ ఆయనకు మిక్కిలి సన్నిహితుడు, నాలుగేళ్ళు పెద్దవాడు. తమ్ముడికి పనితనం, అన్నకు వ్యవహార దక్షత పుట్టుకతో వచ్చిన సొత్తులు. పరదేశపు అధికారులతో మాట్లాడడం, ఒప్పందాలు కుదర్చడం అన్నగారి పని. రాత్రింబగళ్ళు బల్ల ముందు కూర్చుని చిన్న ఇనుప ముక్కను పదిసార్లు దిద్దడం తమ్ముడి పని. ఈ ఇద్దరి జోడు కలిసి ఉండకపోతే మౌజర్ పేరు ఆ పట్టణం దాటి ఉండేది కాదు.

1859లో పాల్ నిర్బంధ సైనిక సేవకు పిలువబడి లుడ్విగ్స్‌బర్గ్ ఆయుధాగారంలో పనిచేశాడు. ఆ రోజులలో ప్రష్యా సైన్యం వాడే డ్రైసే సూది తుపాకీకి పెద్ద పేరు. దాని తూటా కాగితంతో చుట్టినది. పొడవైన ఇనుప సూది ఆ కాగితాన్నీ లోపలి మందునూ చీల్చుకుని పోయి రవ్వ పుట్టించే భాగాన్ని తాకాలి. ఆ సూది తరచూ విరిగేది. వెనుక సందు నుండి మంట చిమ్మేది. ప్రతిసారీ సూదిని చేత్తో వెనుకకు లాగవలసి వచ్చేది. ఈ లోపాలను పాల్ శ్రద్ధగా పరిశీలించాడు. బోల్టు పిడిని పైకి తిప్పడంతోనే కాల్చే పుల్ల దానంతట అదే బిగుసుకొనే ఏర్పాటు ఆయన ఆలోచనలో రూపు దిద్దుకుంది. కాగితపు తూటాకు బదులు ఇత్తడి గుల్ల గల తూటా వాడాలన్నది ఆ ఆలోచనకు తోడైంది.

ఓటమి, ఆపై గెలుపు

సొంత దేశంలో తొలుత ఎవరూ లక్ష్యపెట్టలేదు. 1867లో శామ్యూల్ నోరిస్ అనే అమెరికా వ్యాపారి వీరి పనిని చూసి ముచ్చటపడి ఒప్పందం చేసుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ బెల్జియంలోని లీజ్ నగరానికి తరలివెళ్ళారు. 1868లో అమెరికాలో పేటెంటు కూడా లభించింది. అయితే నోరిస్ ఆశించిన అమ్మకాలు జరుగలేదు, ఒప్పందం చెదిరిపోయింది. 1869 చివర పాల్, మరుసటి ఏడు విల్‌హెల్మ్ ఉత్త చేతులతో ఓబర్న్‌డార్ఫ్ తిరిగి వచ్చారు.

అంతలో ప్రష్యా అధికారులు వీరి రైఫిలును పరీక్షింపసాగారు. 1871లో అది ఎంపికైంది. సుమారు 11 మిల్లీమీటర్ల గుండు, నల్లని తుపాకి మందు, ఒకసారికి ఒకే తూటా దాని లక్షణాలు. ఎంపికైనదన్న మాటే గాని, అన్నదమ్ములకు ఆశించిన ప్రతిఫలం దక్కలేదు. రైఫిళ్ళను ప్రభుత్వ కార్ఖానాలే తయారు చేసుకున్నాయి. వీరికి మొదట దొరికినది గురి చూసే భాగాల తయారీ మాత్రమే. ఆ చిన్న పనితోనే నిలదొక్కుకుని సొంత కార్ఖానా పెట్టారు. వుర్టెంబర్గ్ ప్రభుత్వం నుండి లక్ష రైఫిళ్ళ పని లభించింది. 1874లో, తండ్రి కూలిపని చేసిన ఆ రాజ కార్ఖానానే కుమారులు కొనుగోలు చేశారు.

1882 జనవరిలో విల్‌హెల్మ్ కన్నుమూశాడు. వ్యవహారాలు చక్కబెట్టే అన్న లేని లోటు పాల్‌ను కుంగదీసింది. అయినా పని ఆగలేదు. 1884లో అదే 11 మిల్లీమీటర్ల రైఫిలుకు గొట్టం కింద ఎనిమిది తూటాలు నిలువ ఉండే ఏర్పాటు చేర్చాడు.

కొలతలు పెరిగిన కాలం

ఇక్కడి నుండి తూటాల కథ చిక్కుపడడం మొదలైంది. సెర్బియా ప్రభుత్వం 1880 ప్రాంతంలో 10.15 మిల్లీమీటర్ల రైఫిలు కోరింది. టర్కీ 1887లో 9.5 మిల్లీమీటర్ల రైఫిలుకు ఒప్పందం రాసుకుంది. అంతకంటె మేలైన రైఫిలు వస్తే మిగిలినవి ఆ రకానివే ఇవ్వాలని టర్కీవారు ఒక షరతు పెట్టారు. ఆ షరతు వెంటనే అక్కరకు వచ్చింది.

1886లో ఫ్రాన్సు పొగరాని మందుతో కాలే లెబెల్ రైఫిలును తెచ్చి ఐరోపాను కలవరపరిచింది. నల్లమందు రోజులలో గుండు లావుగా, బరువుగా ఉంటేనే దెబ్బకు బలం. కొత్త మందు అంతకంటె ఎంతో శక్తివంతమైనది, గొట్టంలో మసి కూడా తక్కువ. కనుక సన్నని గుండు చాలా వేగంగా, చాలా దూరం పోసాగింది. ప్రతి రాజ్యమూ పాత తుపాకీలను పక్కన పెట్టి చిన్న కొలత వైపు పరుగు తీసింది. ఎంత చిన్న కొలత అన్న విషయంలో మాత్రం ఒక్కొక్క దేశపు సైనిక సంఘానిది ఒక్కొక్క అభిప్రాయం.

జర్మనీ 1888లో ఒక సైనిక కమిషను చేత కొత్త రైఫిలు సిద్ధం చేయించింది. ఆ పనిలో పాల్‌కు చోటు ఇవ్వలేదు. సొంత ప్రభుత్వం తనను విస్మరించినందుకు ఆయన నొచ్చుకున్నాడు గాని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పరదేశాల కోసం మరింత మంచి రైఫిలు తయారుచేయ పూనుకున్నాడు.

1889లో బెల్జియం ఆయన నమూనాను 7.65 మిల్లీమీటర్ల కొలతలో స్వీకరించింది. దానిని తయారుచేయడానికే లీజ్ సమీపంలోని హెర్‌స్టాల్‌లో ఒక కొత్త కార్ఖానా వెలసింది. ఒకప్పుడు ఓడిపోయి వెనుదిరిగిన ఊరి పక్కనే ఆయన పేరు నిలిచింది. టర్కీ తన షరతును వాడుకుని 1890 నుండి 7.65 కొలతకు మారింది. 1891లో అర్జెంటీనా కూడా అదే కొలత ఎంచుకుంది. 1893లో స్పెయిన్ 7 మిల్లీమీటర్లు కోరింది. స్వీడన్ 6.5 మిల్లీమీటర్లకు మొగ్గింది. దక్షిణ ఆఫ్రికాలోని బోయర్లు 7 మిల్లీమీటర్ల రైఫిళ్ళు కొని, 1899 నుండి 1902 వరకు సాగిన యుద్ధంలో బ్రిటిషు సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టారు. చివరకు జర్మనీ సైతం 1898 ఏప్రిల్‌లో పాల్ నమూనానే స్వీకరించింది, కాని 1888 నాటి తన 8 మిల్లీమీటర్ల తూటాను వదలలేదు.

ఇన్ని కొలతలకు ఒకే రైఫిలు ఎలా సరిపోయిందన్నది పాల్ పనితనంలోని కీలకం. 6.5, 7, 7.65, 8 మిల్లీమీటర్ల ఆ తూటాలన్నింటి గుల్లల అడుగుభాగం వ్యాసం రమారమి 12 మిల్లీమీటర్లే. బోల్టు పట్టుకునేది ఆ అడుగునే. కాబట్టి బోల్టు, దాని గూడు, లోపలి తూటాల పెట్టె దాదాపు మారనక్కరలేదు. గొట్టమూ, దాని వెనుక భాగంలోని తూటా గదీ మారితే చాలు. కొనుగోలుదారుకు ఇది గొప్ప సదుపాయం. ఏభై ఏళ్ళ తరువాత ఆ రైఫిలును చేతికి తీసుకున్నవాడికి ఇదే పెద్ద గండం.

పోల్చుకోవడంలో మరో చిక్కు

రైఫిలు గొట్టం లోపల మెలికలు తిరిగిన చాళ్ళు ఉంటాయి. గుండు ఆ చాళ్ళను ఒరుసుకుని గిర్రున తిరుగుతూ పోవడం వల్లనే గురి తప్పదు. దున్నిన పొలంలో చాలుకూ చాలుకూ నడుమ మిట్ట ఉన్నట్టే, ఇక్కడా చాళ్ళ నడుమ గట్లు ఉంటాయి. ఎదురెదురు గట్ల నడుమ కొలిస్తే ఒక అంకె, ఎదురెదురు చాళ్ళ నడుమ కొలిస్తే మరో అంకె వస్తుంది. 8 మిల్లీమీటర్లని పిలిచే జర్మన్ గొట్టాన్ని గట్ల నడుమ కొలిస్తే 7.9 మాత్రమే ఉంటుంది. అందువల్లనే ఒకే తూటాను కొందరు 8 అని, కొందరు 7.92 అని పిలుస్తారు.

ఇది చాలదన్నట్లు, 1888 నాటి జర్మన్ గుండు వ్యాసం 8.08 మిల్లీమీటర్లు కాగా, 1903లో అంగీకరించిన మొన తేలిన కొత్త గుండు వ్యాసం 8.20 మిల్లీమీటర్లు. గుల్ల పొడవు రెండింటికీ 57 మిల్లీమీటర్లే. తేడా కాగితమంత మందం, 0.12 మిల్లీమీటరు. అంత స్వల్ప భేదమైనా, ఇరుకైన పాత గొట్టంలోకి కొత్త గుండును నెడితే లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. అందుకే కొత్త తూటాకు సరిచేసిన పాత రైఫిళ్ళ మీద ఎస్ అనే అక్షరం గుద్దారు. ఆ ఒక్క అక్షరం సైనికుడి ప్రాణానికి కాపలా కాసింది.

పేరు మార్పు వల్ల కూడా పొరపాట్లు పుట్టాయి. లండన్‌లోని రిగ్బీ సంస్థ మౌజర్ 7 మిల్లీమీటర్ల తూటానే అంగుళాల లెక్కలో .275 అని పిలిచింది. కుమావూ కొండలలో నరభక్షక పులులను వేటాడిన జిమ్ కార్బెట్‌కు, 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు బహుమతిగా అందిన రైఫిలు ఆ .275 రిగ్బీయే. దాని బోల్టు, గూడు ఓబర్న్‌డార్ఫ్‌వి. పేరు ఇంగ్లీషుది, తూటా మౌజర్‌ది.

కన్ను పోయిన శిల్పి

పాల్ మౌజర్ రక్షణకు ఎంతో ప్రాధాన్యం ఇచ్చాడు. 1898 రైఫిలులో తూటా గుల్ల చిట్లినా మంట కాల్చేవాడి ముఖం మీదికి రాకుండా పక్కకు పోయే రంధ్రాలు పెట్టాడు. బోల్టును పట్టి ఉంచే రెండు కొమ్ములకు తోడు వెనుక మూడవ కొమ్ము చేర్చాడు. ముందటివి విరిగినా అది ఆపుతుందని ఆయన ఏర్పాటు.

విధి వైచిత్రి ఏమన, ఇంత జాగరూకుడైన ఆ మనిషే 1901లో, తనంతట తాను తూటాలు ఎక్కించుకునే కొత్త రైఫిలును పరీక్షిస్తుండగా జరిగిన ప్రమాదంలో ఎడమ కన్ను పోగొట్టుకున్నాడు. అప్పటికి ఆయన వయస్సు 63 ఏళ్ళు. తుపాకీ నాడి ఆయన కంటె తెలిసినవారు ఆనాడు లోకంలో అరుదు. ఆయుధం ముందు అనుభవం ఒక్కటే రక్షణ కాజాలదని ఆ సంఘటన చాటింది. ఒంటి కంటితోనే ఆయన మళ్ళీ బల్ల ముందు కూర్చున్నాడు. స్వయంగా తూటా ఎక్కించుకునే సైనిక రైఫిలు మాత్రం ఆయన జీవితకాలంలో నెగ్గలేదు.

గౌరవాలకు కొదవ లేదు. 1898 నుండి 1903 వరకు జర్మన్ పార్లమెంటు సభ్యుడుగా ఉన్నాడు. స్పెయిన్ సైనికుల మౌజర్ రైఫిళ్ళ దెబ్బను 1898లో చవిచూసిన అమెరికా, ఆ పోలికలతోనే 1903 నమూనా రైఫిలు తయారు చేసుకుని, పేటెంటుల కింద రెండు లక్షల డాలర్లు ఆయన సంస్థకు చెల్లించింది. 1914 మే 29న పాల్ మౌజర్ పుట్టిన ఊరిలోనే మరణించాడు. రెండు నెలలు తిరగకముందే మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమై, ఆయన రైఫిళ్ళు లక్షల సంఖ్యలో కందకాలకు చేరాయి. తన పని ఎంత ప్రాణనష్టానికి సాధనమైనదో ఆయన చూడలేదు.

మన నేల మీద మౌజర్

ఆయన పోయిన మూడు నెలలకే కలకత్తాలో ఆ పేరు మారుమోగింది. 1914 ఆగస్టు 26న రొడ్డా కంపెనీకి వచ్చిన సరుకు నుండి విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్ళను, వాటితోపాటు 46,000 తూటాలను ఉపాయంగా తరలించారు. 7.63 మిల్లీమీటర్ల ఆ తూటాలు లేకుంటే పిస్తోళ్ళు ఉత్త ఇనుప ముక్కలే. 1915 సెప్టెంబరు 9న ఒరిస్సాలోని బాలాసోర్ చెంత బాఘా జతీన్, ఆయన సహచరులు పోలీసు బలగాన్ని ఎదుర్కొన్నది మౌజర్ పిస్తోళ్ళతోనే. గాయపడిన జతీన్ మరునాడు అసువులు బాశాడు.

ఆ పిస్తోలు విషయంలోనూ తూటాల చిక్కు తప్పలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం దానినే 9 మిల్లీమీటర్ల కొలతలో చేయించింది. రెండు రకాలూ చూపునకు ఒకటే గనుక, కొత్తవాటి పిడి చెక్కల మీద తొమ్మిది అంకెను పెద్దదిగా చెక్కి ఎర్ర రంగు పూశారు.

పాత రైఫిలు కొలత ఎలా తెలుస్తుంది?

యుద్ధాలు ముగిసిన పిదప ఈ రైఫిళ్ళు మిగులు సామానుగా దేశదేశాలకు అమ్ముడుపోయాయి. కొన్నవారు తమకు దొరికే తూటాకు అనుగుణంగా గొట్టాలు మార్చారు. టర్కీ తన పాత 7.65 రైఫిళ్ళను 1930ల నుండి 8 మిల్లీమీటర్లకు మార్చింది. ఇజ్రాయెల్ తన జర్మన్ రైఫిళ్ళను 1950లలో 7.62 మిల్లీమీటర్లకు మార్చి, కొయ్య మడమ మీద ఆ అంకెను కాల్చి ముద్రించింది. కనుక రైఫిలు మీది రాజముద్ర, సంవత్సరం పుట్టుకను చెబుతాయే గాని ప్రస్తుత స్థితిని చెప్పవు.

ఎరిగిన ఆయుధ నిపుణుడు మూడు మెట్లలో పని చేస్తాడు. ముందుగా తుపాకీ ఖాళీగా ఉన్నదని రూఢి చేసుకుని, గూడు మీద, గొట్టం మీద, కొయ్య కింద దాగిన ముద్రలన్నీ చదువుతాడు. పిదప మెత్తని సీసపు ముక్కను గొట్టంలో ఒక కొస నుండి మరో కొసకు నెట్టి, దాని మీద పడిన చాళ్ళ అచ్చును సూక్ష్మమాపకంతో కొలుస్తాడు. చివరగా, తక్కువ వేడికే కరిగే మిశ్రమలోహాన్ని తూటా గదిలో పోసి, గట్టిపడిన పోతను బయటకు తీసి, పొడవు, మెడ, భుజం కొలతలు చూస్తాడు. ఈ మూడూ ఏకీభవించిన నాడే కొలత తేలినట్లు. తూటా లోపలికి దూరింది గనుక అదే సరియైనదని అనుకోవడం పెద్ద పొరపాటు. 7 మిల్లీమీటర్ల తూటా 8 మిల్లీమీటర్ల గదిలోకి సులువుగానే దిగుతుంది. ఆ రెండూ ఒకే 57 మిల్లీమీటర్ల గుల్ల మీద కట్టినవి.

ఈ నీతి మౌజర్‌కే పరిమితం కాదు. మన పోలీసుల చేతిలో తరాలుగా కనిపించిన .303 రైఫిలు, 1962 చైనా యుద్ధం తరువాత ఇషాపూర్ కార్ఖానాలో 7.62 మిల్లీమీటర్లకు తయారైన రైఫిలు తోబుట్టువుల వలె ఉంటాయి. అదే .303 నుండి కావలివారి కోసం చాళ్ళు లేని .410 మస్కెట్లు కూడా చేశారు. మూడింటి తూటాలు వేరు, రూపు దాదాపు ఒకటే.

సరిహద్దు పల్లెలలో పాత లోగిళ్ళు విప్పేటప్పుడు అటక మీద తాతల నాటి తుపాకీ బయటపడితే, దానిని విప్పి చూడడం, తూటా దొరికితే పెట్టి చూడడం, పిల్లల చేతికి ఇవ్వడం ఎంతమాత్రం తగదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం అనుమతి లేని ఆయుధం ఇంట ఉండరాదు. దానిని కదిలించక, దగ్గరి పోలీసు ఠాణాకు తెలిపి అప్పగించడమే పద్ధతి. కొలత తేల్చే పని వారి నిపుణులది.

ఓబర్న్‌డార్ఫ్‌లో స్వీడన్ భవనం అనే కట్టడం ఒకటి ఉన్నది. రైఫిళ్ళను ఒక్కొక్కటిగా కొలిచి, తమ దేశపు కొలతకు సరిపోతేనే ముద్ర వేయడానికి వచ్చిన స్వీడన్ సైనికాధికారుల కోసం దానిని కట్టారు. తరువాతి కాలంలో ఆ ఊరి ఆయుధాల మ్యూజియం అందులోనే వెలసింది. ప్రతి రైఫిలునూ తయారు చేసిన చేతుల చెంతనే, దానిని అనుమానంతో కొలిచే కళ్ళకు కూడా పాల్ మౌజర్ ఊరు చోటు ఇచ్చింది.